సందులో లేచిన గోడ

“అక్కా, నేను అరవడం లేదు. మర్యాదగానే అడుగుతున్నాను. మీ మరిది కుట్టిన ఈ బస్సు సీటు వీధిలోకి ఎలా పట్టుకెళ్ళాలో నువ్వే చెప్పు,” అంది చిన్నవదిన, గోడకి అటువైపు నుంచి.

మర్యాదగా అడుగుతున్నానని చెప్పుకోవలసి వచ్చిందంటేనే మర్యాద అడుగంటిందని అర్థం. ఇటువైపు పెద్దవదిన బట్టలు ఆరేస్తోంది. ఆరేసిన దుప్పటినే తీసి, దులిపి, మళ్ళీ ఆరేసింది.

నిన్నమొన్నటిదాకా అక్కడ గోడ లేదు. ముందింటికీ ప్రహరీకీ నడుమ సన్నటి సందు ఉండేది. వెనకింటివాళ్ళు వీధిలోకి రావాలంటే అదే దారి. చిన్నన్నయ్యా చిన్నవదినా బంధువులింటికి వెళ్ళి తిరిగొచ్చేసరికి సందు మొదట్లో నిలువెత్తు గోడ లేచి ఉంది. సంచులు మోసుకుంటూ మురికి కాలవ గట్టు వెంట నడిచి, వెనక కంచె ఎక్కి తమ ఇంట్లోకి తామే దొంగల్లా దిగాల్సి వచ్చింది. ఆ దిగడంలో చిన్నవదిన చీర బారెడు చిరిగింది. ఇంతవరకూ ఆ చీర మాట ఎత్తలేదు. అదను చూసి ఎత్తడానికి దాచుకుందని మేడమెట్ల మీద నిలబడ్డ చిట్టికి తెలుసు.

ముప్పై దాటినా, నగరాభివృద్ధి ఆఫీసులో స్థలాలకు విలువ కట్టే ఉద్యోగం చేస్తున్నా, అన్నయ్యలిద్దరికీ ఆమె చిట్టే. ఉండేది పెద్దన్నయ్య మేడ మీద గదిలో. పొద్దుటి కాఫీ పెద్దవదిన దగ్గర, సాయంత్రం టీ చిన్నవదిన దగ్గర. ఇవాళ కాఫీ ఎవరూ ఇవ్వలేదు. ఆమె అడగనూ లేదు.

“చిట్టీ, ఉన్నావా అక్కడ?”

“ఉన్నాను వదినా.”

“మీ ఆఫీసాయన కొలతలకి వచ్చేది ఇవాళేగా?”

“ఇవాళే.”

“ఆయనొచ్చి ఈ గోడ చూస్తే మా స్థలానికి ఏం రాస్తాడు?”

పెద్దవదిన చేతులు తీగ మీద ఆగిపోయాయి. చిట్టి నీళ్ళు నమిలింది.

“దాచకు. నువ్వు చెప్పకపోయినా రాసేది మారదుగా.”

“వీధికి దారి లేని స్థలమని రాస్తారు,” అంది చిట్టి. “దారి లేకపోతే విలువ సగమే.”

గోడకి అటువైపు ఏదో బరువైనది కింద పెట్టిన చప్పుడైంది. బస్సు సీటే అయ్యుంటుంది. చిన్నవదిన అరిచి ఉంటే చిట్టికి కాస్త తేలిగ్గా ఉండేది.

*

షెడ్డులో లేత్ మిషన్ తిరుగుతూనే ఉంది. పెద్దన్నయ్య ఇనప కడ్డీని బిగించి చెక్కుతున్నాడు. చుట్టలు చుట్టుకుపోయిన పొట్టు అతని చెప్పుల మీద పడుతోంది. చెల్లెలు వచ్చిందని తెలిసీ తల ఎత్తలేదు. చిట్టి తిన్నగా వెళ్ళి స్విచ్ కట్టేసింది. ఆ ఇంట్లో ఆ మిషన్ ఆపే చనువు ఇంకెవరికీ లేదు.

“మధ్యలో ఆపితే కడ్డీ మీద గీత పడుతుంది,” అన్నాడతను.

“పడనీ. గోడ తీయించు పెద్దన్నయ్యా.”

“తీయించను.”

“కొలతలకి మా ఆఫీసు మాస్టారు వచ్చేలోపు తీయించు. తరవాత అందరం కూర్చుని మాట్లాడుకుందాం.”

“ఆయన రాసుకెళ్ళిపోయాక మాట్లాడుకోడానికి ఏం మిగులుతుందే?”

అతను అన్నదాంట్లో అబద్ధం లేదు. కాలవకి మూతేసి దాని మీద పెద్ద రోడ్డు వేయాలని నగరం నిర్ణయించింది. వీధివాళ్ళందరి స్థలాలూ ఒక ముద్ద చేస్తారు. రోడ్డుకీ పార్కుకీ కొంత పోతుంది. రోడ్డు ఖర్చు రాబట్టుకోడానికి నగరం కొంత అమ్ముకుంటుంది. మిగిలింది చదరాలుగా కోసి మళ్ళీ పంచుతారు. ఎవరికెంత అన్నది వాళ్ళ నేల ఎంత పెద్దదన్న దాన్ని బట్టి కాదు, ఇవాళ అది ఎంత చేస్తుందన్న దాన్ని బట్టి. వీధి ముఖాన ఉన్నదానికి ఎక్కువ, సందులోంచి దారి ఉన్న వెనక స్థలానికి కొంత తక్కువ, దారే లేనిదానికి అందులో సగం. కొలతలకి వచ్చిన మనిషి ఆ రోజు కళ్ళతో ఏం చూస్తే అదే లెక్క.

“ఈ రోడ్డు వచ్చాక మన వీధి నడిచేవాళ్ళకే అన్నావు,” అన్నాడు పెద్దన్నయ్య, చేతులు గుడ్డకి తుడుచుకుంటూ. “లారీ రాని వీధిలో లేత్ షెడ్డు పెట్టుకుని ఏం చెక్కమంటావు, పిల్లలకి బొంగరాలా?”

“కొత్త రోడ్డు మీద షెడ్లకి వేరే స్థలాలు ఇస్తారుగా.”

“ఇస్తారు, వాటా అంత ఉన్నవాళ్ళకి. నాకు కొంచెంలో తప్పిపోతోంది. సందు నా పేరునే ఉంది. దాన్ని తమ్ముడికి దారిగా వదిలినంతకాలం నా లెక్కలోకి రాదు, మూసేస్తే వస్తుంది. ఇదేం నేను కూర్చుని కనిపెట్టిన విద్య కాదు.”

ఆ విద్య ఎక్కడిదో ఇద్దరికీ తెలుసు. కిందటి వారం భోజనాల దగ్గర పెద్దన్నయ్య ఊరికే అడిగాడు, మీ ఆఫీసులో ఒకరి నేలకి ఎక్కువా ఒకరి నేలకి తక్కువా ఎలా కడతారని. అతను చెల్లెలి పని గురించి అడగడం అదే మొదటిసారి. చిట్టి పొంగిపోయింది. గ్లాసులు ఇళ్ళుగా, గరిటె వీధిగా పెట్టి, ఒక గ్లాసుని ఇంకోదాని వెనక్కి నెట్టి, సగం విలువ ఎందుకవుతుందో నవ్వుతూ చెప్పింది. పెద్దన్నయ్య శ్రద్ధగా విన్నాడు. మరీ శ్రద్ధగా విన్నాడని అప్పుడు అనిపించలేదు. వినేవాడు దొరికితే మనిషికి ఒళ్ళు తెలియదు.

కొలతల రోజు పొద్దున నోటీసు వచ్చేదాకా ఆ లెక్క ఆఫీసు గుమ్మం దాటకూడదు. దాటితే జనం రాత్రికి రాత్రి దారులు తెరుస్తారు, మూస్తారు. అలా పొక్కిందని తేలితే ఆ వీధి కొలతలన్నీ రద్దు. పొక్కించిన మనిషికి ఉద్యోగం ఉండదు.

“నేను గోడ కట్టమని చెప్పలేదు పెద్దన్నయ్యా. పని ఎలా జరుగుతుందో చెప్పాను, అంతే.”

“పని ఎలా జరుగుతుందో తెలిశాక చేతులు కట్టుకుని కూర్చోవాలా?” అతని గొంతు లేచింది. “చూడు. ఈ వీధికి విలువ ఎవరు తెచ్చారు? నేను ఇక్కడ షెడ్డు పెట్టినప్పుడు కప్పలు తప్ప ఏమున్నాయి? నా మిషన్ కోసం లారీలొచ్చాయి. లారీలవాళ్ళ కోసం టీ కొట్టొచ్చింది. టీ కొట్టుంది కదాని బస్సు ఆపారు. బస్సు ఆగింది కదాని ఇళ్ళు లేచాయి. ఇవాళ మీ నగరం వచ్చి, వీధి విలువ అందరిదీ, ఇలా ఇవ్వండి పంచుతాం అంటే నవ్వాలా ఏడవాలా?”

“బస్సు వేసింది నగరమే. కాలవ మీద వంతెన కట్టిందీ నగరమే. టీ కొట్టు ఆయనకీ, ఇళ్ళు కట్టినవాళ్ళకీ అందులో వాటా లేదా? నీ ఒక్కడి చలవే అయితే చిన్నన్నయ్య వెనకింట్లో కుట్టిన సీట్లకి ఎవరొచ్చారు?”

“వాణ్ణి మధ్యలోకి లాగకు.”

“లాగింది నేనా? గోడ కట్టి వాళ్ళ ముఖాన కొట్టింది నువ్వు!”

పెద్దన్నయ్య మిషన్ వైపు తిరిగాడు. స్విచ్ మీద చెయ్యి వేశాడు గాని నొక్కలేదు. “నాకు ఇంకో పని రాదే చిట్టీ,” అన్నాడు. “ఈ వయసులో వేరేవాళ్ళ షెడ్డులో కూలికి నిలబడమంటావా?”

చిట్టికి కోపం చప్పున దిగిపోయింది. దిగిపోయినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది. పరీక్షలకి వెళ్ళేటప్పుడు ఈ నూనె చేతులతోనే తన సైకిలుకి గాలి కొట్టి ఇచ్చేవాడు.

గుమ్మంలో పెద్దవదిన నిలబడి ఉంది, ఖాళీ బక్కెట్టు పట్టుకుని. ఎంతసేపై వింటోందో.

“చిట్టీ, ఒక్క మాట,” అంది మెత్తగా. “నువ్వు నోరు జారావని ఈ ఇంట్లో మేమిద్దరమే ఎరుగుదుం. మా నోటి వెంట అది రాదు. నువ్వు నా కడుపున పుట్టకపోయినా ఒకటే. కాకపోతే గోడ సంగతి నువ్వు కెలికితే, ఎందుకు కట్టారు, ఎవరు చెప్తే కట్టారని అడుగుతారు. అప్పుడు మేం మాత్రం ఏం చేస్తాం చెప్పు?”

అది బెదిరింపైతే చిట్టి ఎదురు తిరిగేది. పెద్దవదిన నిజంగా భయపడుతోంది, నిజంగా ప్రేమగానే చెబుతోంది. చిట్టి ఆమెని తప్పించుకుని బయటికి నడిచింది.

*

కాలవ గట్టు మీంచి, ముక్కు మూసుకుని, కంచె దాటి చిట్టి వెనకింటికి చేరింది. చిన్నవదిన పెరట్లో గునపం చేత పట్టుకుని నిలబడింది. చిన్నన్నయ్య కుట్టుమిషన్ ముందు కూర్చుని సీటు కవరు కుడుతున్నాడు. పక్కన బస్సు సీట్లు పై కప్పు దాకా పేర్చి ఉన్నాయి.

“వచ్చావా? రా. మీ అన్నయ్యకి నువ్వైనా చెప్పు,” అంది చిన్నవదిన. “ఒక్క అరగంట నన్ను వదిలితే ఆ గోడ ఉండదు. వదలరట. అన్నగారి గోడట, చెయ్యి వేయకూడదట. రాముడూ లక్ష్మణుడూ అనుకుంటున్నారు, అక్కడ వాళ్ళు కైకేయి పని చేసి కూర్చుంటే!”

“నోరు ముయ్యి,” అన్నాడు చిన్నన్నయ్య, కుట్టు మీంచి కళ్ళు తీయకుండా.

“ముయ్యను. సగం విలువైతే మనకి ఇంటి స్థలం కూడా రాదు. చివర నగరం కట్టే మేడల్లో మూడో అంతస్తులో రెండు గదులిస్తారు. ఈ సీట్లు మెట్ల మీంచి మీరు మోస్తారా, మీ అన్నగారొచ్చి మోస్తారా?”

మిషన్ ఆగింది. చిన్నన్నయ్య దారం పళ్ళతో కొరికాడు.

“అడిగి ఉంటే ఇచ్చేవాణ్ణి,” అన్నాడు. “మేం ఊళ్ళో లేనప్పుడు కట్టాడు. అదీ నా బాధ.”

“ఇచ్చేవారట! విన్నావా చిట్టీ? ఇల్లు ఇచ్చేసేవారట. అయినా బావగారికి ఈ సగం సంగతి ముందే ఎలా తెలిసిందో! నోటీసు వచ్చేదాకా వీధిలో ఇంకెవరికీ తెలీదు. ఇస్త్రీ షాపాయన్ని అడిగాను, మందుల షాపులో అడిగాను. ఎవరికీ తెలీదు.”

చిట్టి కంచె పట్టుకుని నిలబడింది. తప్పించుకోడానికి ఎన్నో మాటలు నాలుక చివరిదాకా వచ్చాయి.

“నేనే చెప్పాను,” అంది.

చిన్నవదిన చేతిలో గునపం నెమ్మదిగా కిందికి దిగింది. కాలవ అవతల ఎవరో రేడియో పెద్దది చేశారు, మళ్ళీ తగ్గించారు.

“కావాలని చెప్పలేదు చిన్నన్నయ్యా. మాటల్లో వచ్చేసింది.”

“ఇది బయటపడితే నీకేమవుతుంది?” అన్నాడతను.

“ఉద్యోగం పోతుంది.”

అతను తలూపి మళ్ళీ కుట్టుకి వంగాడు. చిన్నవదిన మొగుడి వంక చూసింది, ఆడపడుచు వంక చూసింది. ఆ తలూపడంలో ఏముందో ఆమెకి చిట్టి కంటే ముందే అర్థమైంది.

“చీర కూడా చిరిగింది నాది,” అంది, ఆమెకే వింతగా వినిపించిన గొంతుతో. గునపం గోడకి ఆనించి లోపలికి వెళ్ళిపోయింది.

*

టేపు మాస్టారు ఎండ చురుక్కుమనే వేళకి వచ్చాడు. ఆఫీసులో అందరూ పెట్టిన పేరది. చిట్టికి పని నేర్పింది ఆయనే. కొలిచేటప్పుడు టేపు మొదటి కొస ఇంటివాళ్ళ చేతికే ఇస్తాడు, రేపు కొలత తప్పని ఎవరూ అనకుండా. ఆయన వెనక వీధి వీధంతా గేటు దాకా వచ్చి నిలబడింది. కొలతలు పూర్తయ్యేదాకా కొత్త గది వేసుకోడానికి గాని, ఇల్లు పడగొట్టి కట్టుకోడానికి గాని ఎవరికీ అనుమతి లేదు. పక్కింటి నర్సమ్మ కప్పు కారే గదిలోంచి మంచం ఎప్పుడో వసారాలోకి మార్చేసుకుంది. ఇవాళ్టి కోసం అందరూ కళ్ళు కాయలు కాసేలా చూశారు.

“నువ్వు దూరంగా ఉండమ్మా. మీ ఇల్లు కదా,” అన్నాడు మాస్టారు చిట్టితో. ఆమె మెట్ల దగ్గరే ఆగింది.

పెద్దన్నయ్య టేపు కొస పట్టుకున్నాడు. వీధి ముఖం కొలిచారు, షెడ్డు కొలిచారు, సందు దగ్గరికి వచ్చారు. మాస్టారు గోడ మీద గోరుతో గీశాడు. తడి సిమెంటు గోట్లోకి వచ్చింది.

“పచ్చిగా ఉందే. ఎప్పుడు కట్టారు?”

“ఈమధ్యే,” అన్నాడు పెద్దన్నయ్య.

“వెనక ఎవరుంటారు?”

“మా తమ్ముడు.”

“వాళ్ళెటు నుంచి వస్తారు మరి?”

పెద్దన్నయ్య టేపు కొసని బొటనవేలితో నొక్కుతూ నిలబడ్డాడు. మాస్టారు ఇంక అతన్ని అడగకుండా గొంతెత్తాడు. “వెనకింటివారూ! మీకు ఇటువైపు దారి ఉండేదా?”

“ఉండేదా అని అడుగుతారేమిటండీ!” చిన్నవదిన గొంతు గోడ మీంచి వచ్చింది. “ఈ ఇంటికి కాపురానికి వచ్చింది ఆ దారినే!”

“స్థలం ఎవరి పేరున ఉందమ్మా?”

“మా ఆయన పేరున.”

“అయితే ఆయన చెప్పాలి. ఆయన ఉందంటే ఉందని రాస్తాను, గోడ సంగతి వేరే విచారిస్తాం. లేదంటే చూసింది చూసినట్టు రాస్తాను.”

గోడకి అటువైపు అడుగుల చప్పుడు దగ్గరికి వచ్చి ఆగింది.

“లేదండీ,” అన్నాడు చిన్నన్నయ్య. “దారి లేదు. మేం కాలవ గట్టు మీంచే వస్తాం.”

పెద్దన్నయ్య చేతిలోంచి టేపు కొస జారింది. బర్రుమంటూ వెనక్కి చుట్టుకుపోయి మాస్టారి చేతిలో డబ్బాకి కొట్టుకుంది. తమ్ముడు గొడవ చేస్తాడని, తిడతాడని, గోడ కూలదోస్తాడని అతను రాత్రంతా కాచుకుని కూర్చున్నాడు. దీనికి మాత్రం సిద్ధపడలేదు.

మాస్టారు పెన్ను తీశాడు.

తన కోసమే అని చిట్టికి తెలుసు. ఉద్యోగం నిలవాలని ఒక అన్నయ్య ఇల్లు వదులుకుంటున్నాడు. ఇంకో అన్నయ్య నేల చూస్తున్నాడు. తను మెట్ల దగ్గర నిలబడి బతికిపోతోంది.

“మాస్టారూ, మా చిన్నన్నయ్య చెప్పింది అబద్ధం,” అంది చిట్టి, గోడ దగ్గరికి వచ్చి, గేటు దాకా వినపడకుండా.

“చిట్టీ!” అంది పెద్దవదిన.

“దారి ఉంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఉంది. మూసింది మా పెద్దన్నయ్య. దారి లేకపోతే సగమే కడతారని ఆయనకి చెప్పింది నేను. నోటీసు రాకముందే, ఈ ఇంట్లో కూర్చునే చెప్పాను.”

మాస్టారు కళ్ళజోడు తీసి చొక్కాకి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది.

“మాటవరసకి అన్నావా అమ్మాయ్, రాయమంటావా? రాస్తే ఏమవుతుందో నీకు నేను చెప్పక్కర్లేదు.”

“రాయొద్దు!” అన్నారు అన్నయ్యలిద్దరూ. ఒకరు ఇటు నుంచి, ఒకరు అటు నుంచి, ఒకే గొంతుతో.

“రాయండి,” అంది చిన్నవదిన. ఆమె ఏడుస్తోంది. “ఏమనుకోకు చిట్టీ. నాకూ ఒక ఇల్లు కావాలి. రాయండి మీరు.”

చిట్టికి ఆ మాట తప్పనిపించలేదు. అందరిలో సూటిగా మాట్లాడింది ఆవిడ ఒక్కతే.

“రాయండి మాస్టారూ.”

ఆయన రాశాడు. రాసినంతసేపూ చిట్టి ఆయన చేతినే చూసింది. ఈ ఉద్యోగంలో కుదురుగా రాయడం నేర్పిన చెయ్యి అది. తరవాత ఆయన కాగితం మడిచి, టేపు డబ్బా సంచిలో వేసుకుని, గేటు వైపు తిరిగాడు.

“ఇవాళ ఈ వీధిలో కొలతలు లేవండీ. చేసినవి కూడా చెల్లవు. మళ్ళీ మొదటి నుంచి రావాలి. ఎప్పుడనేది నేను చెప్పలేను.”

గేటు అవతల గొంతులు లేచాయి, అందరివీ ఒకేసారి.

“చెల్లకపోవడమేమిటి? ఎందుకు చెల్లవు?”

“వర్షాలకి నా ఇల్లు నిలుస్తుందా? ఎవరయ్యా ఆపించింది?” అది నర్సమ్మ గొంతు.

“చెప్పి కదలండి సార్! ఎవరు ఆపించారు?”

మాస్టారు సంచి భుజానికి తగిలించుకున్నాడు. అది చెప్పడం ఆయన పని కాదు. గేటు కడ్డీల సందుల్లోంచి లోపలికి చేతులు వచ్చాయి, గడియ ఊగింది.

చిట్టి ఒక అడుగు వేసింది. పెద్దన్నయ్య చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. ఆమె ముఖం చూడలేదు. గోడ వంక ఒకసారి చూశాడు, నూనె మరకల చేతులు లుంగీకి తుడుచుకున్నాడు, గేటు వైపు నడిచాడు. పెద్దవదిన “ఏవండీ, ఏవండీ” అని పిలుస్తూనే ఉంది.

“నేను చెబుతాను,” అన్నాడతను, గడియ మీద చెయ్యి వేసి.

అతను చెప్పబోయేది గోడ కట్టిన చేతుల గురించో, ఆ లెక్క చెప్పిన నోటి గురించో చిట్టికి తెలియలేదు. గేటు తెరుచుకుంది.